పట్టా నేలకే, నీటికి కాదు

ఎండలు ముదిరేసరికి హైదరాబాద్ కాలనీల్లో బోరు బండ్ల చప్పుడు మొదలవుతుంది. పక్క అపార్ట్‌మెంట్‌వాళ్లు ఎనిమిది వందల అడుగులు వేశారని తెలిస్తే వీళ్లు వెయ్యి దాటిస్తారు. కొబ్బరికాయ చేత్తో పట్టుకుని పాయింట్ చూసేవాళ్లకు ఆ రెండు నెలలూ తీరిక దొరకదు. నీళ్లు పడితే ఆ వేసవి గండం గడిచినట్టే. ఆ పడిన నీళ్లు ఎవరివి అని మాత్రం ఎవరూ అడగరు. స్థలం మనది, పట్టా మన పేరు మీదే ఉంది, డ్రిల్లింగ్‌కు డబ్బు మనమే కట్టాం. ఇంక అనుమానం దేనికి?

చట్టం కూడా దాదాపు ఇదే మాట అంటుంది. నేల యజమాని తన హద్దుల్లో, ఆ నేల కింద దొరికే నీటిని తోడుకుని తన ఇష్టప్రకారం వాడుకోవచ్చన్నది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వచ్చిన సూత్రం. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో తెచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం బోర్ల రిజిస్ట్రేషన్, బోరుకు బోరుకు మధ్య దూరం, ఇంకుడు గుంతలు లాంటి నిబంధనలు పెట్టింది. అవి అవసరమైనవే. కానీ ‘నా నేల, నా నీరు’ అన్న మూలభావం మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ భావం తప్పని రెండు పక్షాలు చెబుతున్నాయి, రెండూ పూర్తిగా వేరువేరు దారుల్లో అక్కడికి చేరుకున్నవి. మొదటిది భూగర్భజల శాస్త్రం. రెండోది కతోలిక శ్రీసభ (చర్చి) సాంఘిక బోధన. ఒకటి రాతిలోని పగుళ్లను కొలిచి చెబుతుంది, ఇంకొకటి దేవుడి సృష్టి ఎవరి కోసం అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చెబుతుంది. ఈ రెండూ కలిసే చోటు మంచినీటి నీతికి గట్టి పునాది అవుతుంది, దాన్ని పరీక్షించి చూడటానికి హైదరాబాద్ కంటే తగిన ఊరు దొరకడం కష్టం.

ముందు రాయి సంగతి. ఈ నగరం దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద నిలబడి ఉంది. గంగా మైదానంలోని ఇసుక, ఒండ్రు పొరల్లో నిలిచినట్టు ఇక్కడ నీళ్లు లోతుగా, విస్తారంగా నిలవవు. పైన మొరం, దాని కింద పగుళ్లున్న రాయి, ఇంకా దిగువన పగుళ్లు అరుదైన గట్టి బండ. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఫ్రాన్స్ భూగర్భ పరిశోధకులతో కలిసి నగరానికి దక్షిణాన మహేశ్వరం దగ్గర, సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. నీరు బాగా పారే పగుళ్లు చాలావరకు పైభాగంలోనే ఉంటాయని, లోతుకు పోయేకొద్దీ పలచబడతాయని ఆ పని చూపించింది. దీని పర్యవసానం ఏమిటంటే వెయ్యి అడుగుల బోరు కొత్త నీటిని పుట్టించదు. చాలాసార్లు అది పైపొరలో చుట్టుపక్కల ఇళ్లకు ఆధారంగా ఉన్న నీటినే పగుళ్ల గుండా కిందికి లాగుతుంది. సంవత్సరంలో పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో నేలలోకి దిగేది కొద్ది భాగమే. కాంక్రీటు పరిచిన చోట అది ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఒక వీధిలో ఎవరు ఎంత లోతుకు వెళ్లినా అందరూ తోడుతున్నది ఒకే చిన్న నిల్వ. కాంపౌండు గోడకు కింద పునాది ఉంటుందే గానీ నీళ్లలో హద్దు ఉండదు.

ఇక రెండో దారి. లోకంలోని సంపదను దేవుడు మనుషులందరి కోసం సృష్టించాడన్నది కతోలిక సాంఘిక బోధనకు తొలిమెట్టు. సొంత ఆస్తి ఉండకూడదని శ్రీసభ ఎన్నడూ అనలేదు. కానీ ఆ హక్కు రెండో మెట్టు మీద నిలబడుతుంది. నాలుగో శతాబ్దంలో మిలాన్ పీఠాధిపతి (బిషప్) పునీత అంబ్రోసు ధనవంతులకు చెప్పిన మాట సారాంశం ఇది: మీరు పేదవాడికి ఇస్తున్నది మీ సొమ్ము కాదు, అతనిది అతనికి తిరిగి ఇస్తున్నారు. పదమూడో శతాబ్దంలో పునీత థామస్ అక్వినాసు దీన్ని తర్కబద్ధంగా పేర్చాడు. ఆస్తిని చూసుకునే బాధ్యత ఒకరికి అప్పగించడం మంచిదే, దానివల్ల పని సక్రమంగా జరుగుతుంది. వాడుక దగ్గరకు వచ్చేసరికి మాత్రం అవసరంలో ఉన్నవాడితో పంచుకోవడానికి మనసు సిద్ధంగా ఉండాలి. ప్రాణం మీదికి వచ్చిన అవసరంలో మనిషి తనకు కావలసింది తీసుకుంటే అది దొంగతనం కిందికి రాదన్నాడు. అక్వినాసు రాసింది ఆస్తి అంతటి గురించి. అయినా ఆ వాక్యాలను దాహం పక్కన పెట్టి చదివితే అవి నీటి కోసమే రాసినట్టుంటాయి. అన్నం లేకుండా వారాలు గడపవచ్చు, నీళ్లు లేకుండా కొద్ది రోజులకు మించి గడవవు.

ప్రపంచంలోని కతోలిక బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965లో ఈ సూత్రాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. తర్వాత రెండవ జాన్ పాల్ పోపు గారు ప్రతి సొంత ఆస్తి మీదా ఒక ‘సామాజిక తాకట్టు’ ఉంటుందన్నారు. హైదరాబాద్‌లో ఈ మాట వివరించనక్కర్లేదు. బ్యాంకు లోను మీద ఫ్లాటు కొన్న ప్రతివారికీ తాకట్టు అంటే ఏమిటో తెలుసు: తాళాలు మన చేతిలో ఉంటాయి, కానీ మన కంటే ముందు ఇంకొకరి హక్కు ఆ గోడల మీద ఉంటుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసిన ఈసీలో కనిపించని ఆ ముందు హక్కు దాహంతో ఉన్నవాడిది.

నీటి విషయంలో ఈ బోధన క్రమంగా పదునెక్కింది. జపాన్‌లో 2003లో ప్రపంచ నీటి సదస్సు జరిగినప్పుడు వాటికన్ న్యాయ, శాంతి మండలి నీటిపై ప్రత్యేక పత్రం సమర్పించింది. 2004లో వెలువడిన సాంఘిక బోధన సంగ్రహం నీటిని తక్కిన సరుకుల్లో ఒక సరుకుగా చూడరాదని స్పష్టంగా రాసింది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ నీటిని, పారిశుధ్యాన్ని మానవ హక్కుగా గుర్తించింది 2010 జూలై 28న. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారి విశ్వలేఖ (పోపు రాసే అధికారిక బోధన లేఖ) ‘లౌదాతో సీ’ వచ్చింది. అందులో నీటికి కేటాయించిన ఐదు పేరాలు (27 నుంచి 31 వరకు) ధర్మోపదేశంగా మొదలుకావు. వాడకం, కొరత, భూగర్భజలాల్లో కలుస్తున్న గనుల, సాగు, పరిశ్రమల వ్యర్థాలు, కలుషిత నీటివల్ల వచ్చే రోగాలు అంటూ శాస్త్రం చెప్పే వాస్తవాలతో మొదలవుతాయి. ఫ్రాన్సిస్ గారు గురువు (ఫాదర్) కాకముందు అర్జెంటీనాలో రసాయన సాంకేతిక విద్య చదివినవారు, ఆ చదువు ఇక్కడ అక్కరకు వచ్చిందనిపిస్తుంది. తాగునీరు అందకపోతే తక్కిన హక్కులేవీ అనుభవంలోకి రావు కాబట్టి అది ప్రాథమిక, సార్వత్రిక మానవ హక్కు అన్నది ఆ పేరాల్లోని ముఖ్యమైన నిర్ధారణ. నీళ్లు దొరకని పేదలకు లోకం ఒక పెద్ద సామాజిక రుణం పడి ఉందని కూడా అక్కడే ఉంది. రుణం అన్నప్పుడు అది దానం కాదు. ఈ తేడా దగ్గరికి మళ్లీ రావాలి.

నీటితో శ్రీసభకున్న సంబంధం సిద్ధాంతానికే పరిమితం కాదు. పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టర్ ముందు రాత్రి, గురువు నీటిని ఆశీర్వదిస్తూ చేసే ప్రార్థనలో సృష్టి మొదట్లో జలాల మీద అల్లాడిన ఆత్మ, జలప్రళయం, ఎర్ర సముద్రం, యోర్దాను నది వరుసగా వస్తాయి. జ్ఞానస్నానానికి ‘నిజమైన నీరు’ ఉండాలని శ్రీసభ చట్టం చెబుతుంది. ఆ సంస్కార విధికి రాసిన ఉపోద్ఘాతం ఇంకో అడుగు ముందుకు వేసి, సంకేతం సార్థకం కావడానికీ ఆరోగ్యానికీ కూడా ఆ నీరు స్వచ్ఛంగా, శుభ్రంగా ఉండాలంటుంది. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికా నుంచి నగర శివార్లలోని చిన్న విచారణల (పారిష్‌ల) వరకు ఎక్కడ బిడ్డ తల మీద నీళ్లు పోసినా ఈ నియమమే. కలుషిత నీటితో బతకాల్సి వచ్చిన ఊళ్లో కొత్త జీవితానికి నీరు గుర్తు అని చెప్పడం ఎంత కష్టమో విశ్వాసులు ఆలోచించాలి. పీఠం దగ్గర వాడే నీటికి పెట్టిన ప్రమాణం బస్తీలో తాగే నీటికి వర్తించకపోతే ఆ సంకేతం బలహీనపడుతుంది.

వేదాంతం ఇంతటితో ఆగిపోతే తెలుగు నేల మీద అది అసంపూర్ణమే. ఇక్కడ నీటి చరిత్రను కులం లేకుండా చెప్పడం సాధ్యం కాదు.

యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో యేసు బావి దగ్గర సమరియ స్త్రీని నీళ్లు అడుగుతాడు. యూదులు సమరియులతో పొత్తు పెట్టుకోరు కదా, నువ్వు నన్నెలా అడుగుతున్నావని ఆమె ఆశ్చర్యపోతుంది. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం మూడో ఆదివారం చదివే ఈ భాగం మీద ప్రసంగాలు ఎక్కువగా ఆత్మదాహం వైపు, జీవజలం వైపు వెళ్తాయి. అది సరైనదే. కానీ ఆ కథలో మొదటి అద్భుతం చాలా మామూలుది, అంటరాని చేతి నుంచి ఒకరు నీళ్లు అడిగారు. ఊరి బావిలో చేద వేయనివ్వని, దూరం నుంచి దోసిట్లో నీళ్లు పోసిన, హోటల్లో వేరే గ్లాసు పెట్టిన చరిత్ర ఉన్న మనకు ఈ కథ మధ్యధరా తీరం నుంచి వచ్చిన కథలా అనిపించదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగింది కూడా ఆ ఒక్క దోసిలి హక్కు కోసమే.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన ఘోరం కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. దళితులు తాగే నీటిని అగ్రకులపు యువకులు మురికి చేస్తుంటే అదేమిటని అడగడమే వాళ్లు చేసిన నేరం. ప్రాణాలతో బయటపడినవాళ్లు చీరాలలో ఒక చర్చి ఆవరణలో శిబిరం వేసుకుని బతికారు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాలవారే అన్నది గుర్తుపెట్టుకుంటే నీటి నీతి ఈ శ్రీసభకు బయటి నుంచి వచ్చిన పర్యావరణ ఫ్యాషన్ కాదని తెలుస్తుంది. 2020లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్‌గా) నియమితులైన ఆంథోని పూల గారు 2022లో కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడని లోకమంతా రాసింది. ఆ పీఠం నీటి గురించి మాట్లాడితే ఆ మాట వెనుక ఎన్ని తరాల బావి గట్ల అనుభవం ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

పాత చెరువుల వ్యవస్థను పొగిడేవాళ్లు కూడా ఇక్కడ కాస్త ఆగాలి. గొలుసుకట్టు చెరువులు, తూములు, మత్తడులు గొప్ప ఇంజినీరింగ్, అందులో సందేహం లేదు. పొలం పొలానికీ నీళ్లు పంచిన నీరటి పాత్ర కూడా గొప్పదే. ఊరి స్థాయిలో తేలే పనిని పైవాళ్లు లాక్కోకూడదన్న కతోలిక సూత్రానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కానీ ఆ నీరటి చాలా ఊళ్లలో దళితుడు. ఊరందరి పొలాలకూ నీరు పంచినవాడికి ఊరి మంచినీళ్ల బావి మీద చేద వేసే హక్కు లేదు. చెరువులు బాగుచేయడం అంటే ఆ పద్ధతిని తిరిగి తెచ్చుకోవడం కాకూడదు.

హైదరాబాద్‌కు వద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో రూపుదిద్దుకున్నవి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఒకటి 1920లో, మరొకటి 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే దశాబ్దాలపాటు నగరం గొంతు తడిపాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలకూ పెద్ద నిర్మాణాలకూ అడ్డుకట్ట వేస్తూ 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో ఒక నూనెల పరిశ్రమ పెట్టుకునే విషయంలో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసులో 1999లో, 2000లో వచ్చిన తీర్పులు మంచినీటి నీతి గురించి ఆలోచించేవారు తప్పక తెలుసుకోవాల్సినవి.

ఆ తీర్పుల్లో రెండు అంశాలున్నాయి. స్వచ్ఛమైన తాగునీరు అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. రెండోది ఇంకా లోతైనది. శాస్త్రం తుది మాట చెప్పలేని పరిస్థితిలో ఏం చేయాలి? ఫ్యాక్టరీ వ్యర్థాలు రాతి పగుళ్ల గుండా జలాశయంలోకి చేరతాయా లేదా అన్నది ఎవరూ నూటికి నూరుపాళ్లు తేల్చలేరు. అలాంటప్పుడు హాని జరుగుతుందని జనం నిరూపించాల్సిన పని లేదు, హాని జరగదని కట్టదలచినవాడే నిరూపించాలి అన్నది ముందుజాగ్రత్త సూత్రం. కోర్టు దాన్నే పట్టుకుంది. పదిహేనేళ్ల తర్వాత ‘లౌదాతో సీ’ 186వ పేరా ఇదే చెప్పింది: తిరిగి సరిదిద్దలేని తీవ్రమైన నష్టం జరగొచ్చని సమాచారం సూచిస్తే, తిరుగులేని రుజువు లేకపోయినా ప్రాజెక్టును ఆపాలి లేదా మార్చాలి, రుజువు భారం అటువైపుకి మారుతుంది. పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి సదస్సులో వెలువడిన 1992 రియో ప్రకటన ఇద్దరికీ ఉమ్మడి మూలం. న్యాయమూర్తులు, పోపు గారు, జలశాస్త్రవేత్తలు ఒకే మాట మీదికి రావడం యాదృచ్ఛికం కాదు. నీరు పాడయ్యాక బాగుచేయడం దాదాపు అసాధ్యమని తెలిసినవాళ్లెవరైనా చేరుకునే చోటు అదే.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లొస్తున్నాయి, జంట జలాశయాల వాటా చాలా తక్కువ, కాబట్టి పాత కట్టుబాట్లు అక్కర్లేదన్నది వాదన. 84 గ్రామాల రైతులకు నిజమైన బాధ ఉంది, వాళ్ల భూములకు పక్క మండలాల ధర రాలేదు. ఆ బాధకు పరిహారం ఇవ్వాల్సిందే. కానీ దూరం నుంచి నీళ్లు తెచ్చుకోగలుగుతున్నాం కాబట్టి దగ్గరి నీటిని కాపాడక్కర్లేదన్న తర్కం నిలబడదు. ఆ దూరపు నీళ్లు ఎవరి దగ్గర నుంచి వస్తున్నాయో చూస్తే ఇది అర్థమవుతుంది.

మంజీర మీద 1931లో కట్టిన నిజాంసాగర్ కింద నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల రైతులు బతికారు. ఎగువన సింగూరు కట్టి నీటిని హైదరాబాద్‌కు మళ్లించాక ఆ ఆయకట్టు కష్టాలు పెరిగాయి. కృష్ణా నీళ్లు మూడు దశల్లో, 2004, 2008, 2015లో, నల్గొండ జిల్లా అక్కంపల్లి జలాశయం నుంచి నగరానికి చేరాయి. అదే నల్గొండలో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల ఎముకలు వంకర్లు తిరిగాయి, నడుములు వంగిపోయాయి. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించేందుకు పటిక, సున్నంతో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతికి లోకమంతా ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. ఆ జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలిసింది. ఆ పల్లెలకు పైపులు వేయాలని ఏళ్ల తరబడి ఉద్యమాలు చేయాల్సి వచ్చింది, ఇప్పుడు మిషన్ భగీరథతో పరిస్థితి మారింది. రాజధానికి వెళ్లే గొట్టం ఆ జిల్లా గుండానే పోతుంటే, వంగిన నడుముతో దాని పక్కన నిలబడ్డ మనిషిది మొదటి హక్కు అని అక్వినాసు తర్కం ప్రకారం చెప్పడానికి రెండో ఆలోచన అక్కర్లేదు. మంచినీటి నీతిలో ‘ఎంత నీరు’ అన్న ప్రశ్న కన్నా ‘ఎవరికి ముందు’ అన్న ప్రశ్నే పెద్దది. శాస్త్రం మొదటి దానికి జవాబు చెప్పగలదు. రెండో దానికి అదొక్కటే చాలదు.

ధర మాటేమిటి? హక్కు అంటే ఉచితం అని కతోలిక బోధన అనదు. నీటిని శుద్ధి చేయడానికి, వంద కిలోమీటర్ల పైచిలుకు పంపు చేయడానికి ఖర్చవుతుంది, దాన్ని ఎవరో ఒకరు భరించాలి. చెల్లించలేనివాడు నీటికి దూరం కాకూడదన్నదే షరతు. 2021 జనవరి నుంచి నగరానికి నీళ్లు సరఫరా చేసే జలమండలి ఇళ్లకు నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తోంది. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 133 లీటర్లు, నగరాలకు సూచించే 135 లీటర్ల ప్రమాణానికి దగ్గరే. ఆలోచన మంచిదే. అయితే ఈ లెక్క నల్లా ఉన్న ఇంటికే. నల్లా లేని శివారు బస్తీలో, అద్దె గదుల్లో, వలస కూలీల గుడిసెల్లో నీళ్లంటే ట్యాంకర్, డ్రమ్ము, తాగడానికి డబ్బులు పెట్టి కొన్న బబుల్ (నీళ్ల క్యాన్). లీటరు లెక్కన చూస్తే నగరంలో ఎక్కువ ధర కట్టేది ఎక్కువగా వాళ్లే. స్విమ్మింగ్ పూల్ ఉన్న గేటెడ్ కమ్యూనిటీ కూడా వేసవిలో ట్యాంకర్లు కొంటుంది నిజమే, కానీ అక్కడ అది నెలవారీ మెయింటెనెన్స్‌లో కలిసిపోయే ఖర్చు, ఇక్కడ ఆ రోజు కూలిలో కోత.

దాహానికి నీళ్లివ్వడం ఈ నేలలో అందరికీ పుణ్యమే. ఎండాకాలం చలివేంద్రాలు, మొహర్రం రోజుల్లో పాతబస్తీ సబీళ్లు, చర్చి గేటు దగ్గర పెట్టే కుండలు ఆ సంస్కారానికి ఆనవాళ్లు. దప్పిగొన్నవారికి ఇచ్చిన నీళ్లు తనకే ఇచ్చినట్టన్న క్రీస్తు మాట వాటిలో ప్రతి గ్లాసుకూ వర్తిస్తుంది. కానీ రుణం, దానం వేరని ముందే అనుకున్నాం. చలివేంద్రం ఆ పూట దాహం తీరుస్తుంది, వార్డులో నల్లా వేయించదు. బస్తీకి పైప్‌లైన్ కావాలని జలమండలి ఆఫీసుకు వెళ్లే విచారణ సంఘం చేసేది కూడా భక్తి కార్యమే అని నమ్మకపోతే విశ్వలేఖ సగమే చదివినట్టు.

నగర శివార్లలోని పారిశ్రామిక ప్రాంతం పటాన్‌చెరు గురించి చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి చేరేవి. శుద్ధి అయి బయటికొచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా తయారవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. ఆ వ్యర్థాలను తర్వాత పైపు ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు, అంటే మూసీకి దారి చూపించారు.

స్వీడన్ శాస్త్రవేత్తలు ఇంత దూరం వచ్చి పరీక్షించడానికి కారణముంది. వాళ్ల ఫార్మసీల్లో అమ్మే చవక మందుల ముడిసరుకు ఇక్కడి నుంచి వెళ్తుంది. ధనిక దేశాలు పేద దేశాలకు ‘పర్యావరణ రుణం’ పడి ఉన్నాయని ‘లౌదాతో సీ’ 51వ పేరా అన్నప్పుడు చాలామందికి అది వేదిక మీది మాటలా వినిపించింది. పటాన్‌చెరు వాగుల్లో ఆ రుణానికి మిల్లీగ్రాముల్లో లెక్క ఉంది. మందు చవకగా దొరికిన ప్రతిచోటా ఆ చవకదనంలో ఒక భాగాన్ని చెరువు నీళ్లు కోల్పోయిన ఇక్కడి రైతు చెల్లించాడు.

వేదాంతం వైపు లోపాలు లేవని కాదు. భూమిని లోబరచుకోండి అన్న బైబిల్ ఆదికాండపు మాటను శతాబ్దాలపాటు దోపిడీకి లైసెన్సుగా చదివారని చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో వేసిన ప్రశ్న క్రైస్తవ లోకాన్ని ఇప్పటికీ వెంటాడుతోంది. సేద్యం చేసి కాపాడమన్న రెండో అధ్యాయపు మాటతో కలిపి దాన్ని చదవాలని ఫ్రాన్సిస్ గారు బదులిచ్చారు. నీటిని సోదరీ అని పిలిచిన అస్సీసీ పునీత ఫ్రాన్సిస్‌ను 1979లో పర్యావరణ పాలకునిగా ప్రకటించారు కూడా. కానీ నీటిలో చేపకు, వాగుకు, చిత్తడి నేలకు మనిషి అవసరంతో సంబంధం లేని విలువ ఎంత అన్నచోట బోధన ఇంకా తడబడుతుంది. జీవశాస్త్రం నుంచి వేదాంతం నేర్చుకోవాల్సింది అక్కడ చాలా ఉంది. ఇంకో పరీక్ష ఇంకా దగ్గరిది. బళ్లు, ఆసుపత్రులు, మఠాలు పెద్ద ఆవరణల్లో నడిపే ఏ మత సంస్థకైనా బోర్లుంటాయి. ఆ బోర్ల లోతెంత, ఆవరణలో పడ్డ వాన ఎంత నేలలోకి దిగుతోంది, వేసవిలో గోడ అవతలి బస్తీకి ఒక నల్లా తిప్పుతున్నారా అన్న లెక్కను శ్రీసభ సంస్థలు ఏటా నోటీసు బోర్డు మీద పెడితే, విశ్వలేఖ మీద వంద సెమినార్లు చేయలేని పని అది చేస్తుంది.

అన్నిటికంటే చిక్కు ముడి మూసీ దిగువన ఉంది. నగరపు మురుగు ఏడాది పొడవునా పారడంవల్ల, వానలు లేకపోయినా నీళ్లు అందుతున్న సాగు అక్కడ ఏర్పడింది. ఉప్పల్, పీర్జాదిగూడ దాటాక గట్ల వెంట పారా గడ్డి, ఇంకా కిందికి కత్వల (నది మీది అడ్డుకట్టల) నుంచి పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాలువల వైపు వరి. నగరంలోని పాడి పశువుల మేత కొంత అక్కడి నుంచే వస్తుంది. ఆ రైతులకు చేతులు దురదలు పెడతాయి, పంటలో ఏమేం చేరుతున్నాయో భయం ఉంది. అయినా ఆ నీరే వాళ్ల జీవనాధారం. ఇప్పుడు మూసీని శుభ్రం చేయాలని, తీరాన్ని అందంగా తీర్చిదిద్దాలని ప్రభుత్వం పెద్ద ప్రణాళిక చేపట్టింది. నది శుభ్రపడాలి, అందులో రెండో మాట లేదు. కానీ శుద్ధి చేసిన నీటిని ఎగువనే పరిశ్రమలకో, పార్కులకో, ఫౌంటెన్లకో మళ్లిస్తే దిగువ రైతుకు మురికి నీళ్లతో పాటు నీళ్లే పోతాయి. కాలుష్యం భరించినన్నాళ్లూ అతను భరించాడు, బాగుపడిన రోజున వాటా లేకపోతే అది ఏ లెక్కలోనూ న్యాయం కాదు. శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే నీటిలో ఆ కాలువల వాటా ఎంతో, ఏ నెలల్లో ఎంత వదలాలో మూసీ ప్రణాళిక పత్రాల్లోనే రాతపూర్వకంగా ఉండాలి. గట్టు మీద బతుకుతున్న కుటుంబాలను తరలించాల్సి వస్తే కొత్త ఇంటి తాళం చేతికిచ్చే రోజుకే అక్కడ నల్లాలో నీళ్లు రావాలి. ఈ రెండు షరతుల మీద సంతకం పెట్టించడం కోసం దిగువ గ్రామాల రైతు సంఘాలు, జలశాస్త్రం తెలిసినవాళ్లు, విచారణ పెద్దలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి పనులు ఇంకా ముందుకు సాగకముందే సమయం ఉంది.